జాబితాలో పేరు లేని రోజు తర్వాత

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అమ్మాయికి 13 ఏళ్లు. మూడేళ్లుగా వాలీబాల్ ఆడుతోంది. మొన్న అండర్-14 జట్టు సెలక్షన్స్‌కి వెళ్తే పేరు రాలేదు. తనతోపాటు ఆట మొదలుపెట్టిన ఇద్దరు స్నేహితురాళ్లకి మాత్రం వచ్చింది. ఆ రోజు నుంచి బూట్లు ముట్టుకోలేదు. "నేను పొట్టి, అంతే" అంటుంది. చిన్నప్పటి నుంచి ఇంట్లో అందరం "ఈ ఆట నీకు పుట్టుకతోనే వచ్చింది" అని మురిసిపోయేవాళ్లం. ఇప్పుడేమో "మీరంతా అబద్ధం చెప్పారు" అని అరుస్తోంది. మావారు కోచ్‌ని నిలదీస్తానంటున్నారు. మళ్లీ దాన్ని గ్రౌండ్‌కి పంపేదెలా?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీవారిని ఆపండి. నాన్న వెళ్లి గొడవపడి వచ్చిన గ్రౌండ్‌లోకి ఆ పిల్ల మళ్లీ తలెత్తుకుని అడుగుపెట్టలేదు. కోచ్‌తో మాట్లాడాల్సింది మీ అమ్మాయే. అదీ ఈ వారం వద్దు. కొన్నాళ్లు ఏడవనివ్వండి, అరవనివ్వండి, బూట్లు మూలనే ఉండనివ్వండి. మూడేళ్లు ప్రాణం పెట్టి ఆడింది కాబట్టే అంత బాధ. "పోనీలే, ఇది కాకపోతే ఇంకోటి" అని మాత్రం అనకండి. తనకి ప్రాణంతో సమానమైనదాన్ని మీరు చిల్లర విషయంగా తీసేసినట్టు వినిపిస్తుంది.

నేను చాలా ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేశాను. అలాంటి జాబితాలు నా చేత్తో ఎన్నో రాశాను. బల్లకి అటువైపు కూర్చుంటే ఏం కనిపిస్తుందో చెప్తాను. గంటా గంటన్నరలో నలభై యాభై మందిని చూసి పన్నెండు పేర్లు తేల్చాలి. అంత తక్కువ సమయంలో ముందు కంటికి ఆనేది ఎత్తు. ఆ తర్వాత సర్వీసులో ఊపు, ఎగిరినప్పుడు నెట్‌పై నుంచి చెయ్యి ఎంత లేస్తోందన్నది. బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టి, రెండడుగులు జరిగి, తీరిగ్గా నిలబడి పాస్ ఇచ్చే పిల్ల ఉంటుంది చూడండీ, ఆ పిల్ల దగ్గరికి అన్నీ తేలిక బంతులే వచ్చినట్టుంటుంది. పక్కన ఇంకో పిల్ల ఆలస్యంగా కదిలి, నేలమీద పడి లేపితే అందరూ చప్పట్లు కొడతారు. ఆట బాగా తెలిసిన పిల్ల పనితనం ఒక్క పూటలో బయటపడదు.

ఇక వయసు సంగతి. అండర్-14 అంటే అందరూ ఒకే ఈడు వాళ్లనిపిస్తుంది కానీ, జనవరి 1 లెక్కన వయసు కడితే జనవరిలో పుట్టిన పిల్లకీ డిసెంబరులో పుట్టిన పిల్లకీ దాదాపు ఏడాది తేడా. పెద్దవాళ్లకి ఆ ఏడాది లెక్కలోకి రాదు. 13 ఏళ్ల పిల్లలకి అది నాలుగైదు అంగుళాలు కూడా కావచ్చు. కెనడాలో రోజర్ బార్న్స్‌లీ అనే సైకాలజిస్టు, ఆయన తోటి పరిశోధకులు 1985లో అక్కడి ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన తేదీలు లెక్కతీశారు. పైస్థాయి జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే బాగా ఎక్కువగా తేలారు. తర్వాత ఫుట్‌బాల్‌తో సహా చాలా ఆటల్లో ఇదే ధోరణి కనిపించింది. సంవత్సరం మొదట్లో పుడితే ప్రతిభ ఎక్కువేం రాదు కదా. సెలక్షన్ రోజుకి వాళ్ల ఒళ్లు కాస్త ముందు ఎదిగి ఉంటుంది, జట్టులో చోటు దొరుకుతుంది, చోటు దొరికింది కాబట్టి ఎక్కువ మ్యాచ్‌లు, మంచి కోచింగ్ దక్కుతాయి. అలా తేడా పెరిగిపోతుంది. పైగా అమ్మాయిలు వేగంగా ఎత్తు పెరగడం సగటున 12 ఏళ్లప్పుడైతే, కొందరికి రెండేళ్లు ముందూ కొందరికి రెండేళ్లు వెనకా జరుగుతుంది. మీ అమ్మాయి పొడుగవుతుందని నేను మాటివ్వలేను. ఈ ఏటి కొలత చూసి తన ఆట ఇంతేనని తేల్చేయొద్దని మాత్రం గట్టిగా చెప్తాను.

మైకేల్ జోర్డాన్ కథ మీరూ వినే ఉంటారు, స్కూల్ జట్టులోంచి తీసేస్తే పంతం పట్టి ప్రపంచ విజేత అయ్యాడని. పిల్లలకి అందరూ చెప్పే కథే. కానీ అందులో నాకు బాగా పనికొచ్చిన ముక్కని ఎవరూ చెప్పరు. 1978లో, అమెరికాలోని విల్మింగ్టన్‌లో అతని స్కూల్ బాస్కెట్‌బాల్ సీనియర్ జట్టుకి అతని తరగతిలోంచి తీసుకున్నది లెరాయ్ స్మిత్ అనే అబ్బాయిని. కారణం ఎత్తు. స్మిత్ 6 అడుగుల 7 అంగుళాలు, అప్పటికి జోర్డాన్ 5 అడుగుల 10 అంగుళాలు. అయితే జోర్డాన్‌ని ఇంటికి పంపేయలేదు, జూనియర్ జట్టులో వేశారు. ఆ సీజనంతా అతను మ్యాచ్‌లు ఆడాడు. పైజట్టులో ఉంటే బహుశా బెంచీ మీదే ఎక్కువ కూర్చునేవాడు. పట్టుదల గురించి మాట్లాడేటప్పుడు మనం మనసు సంగతే చెప్తాం. పిల్లకి ఆడుకోవడానికి ఒక చోటు కావాలన్న సంగతి మర్చిపోతాం. అందుకే ఈ ఏడాది మీ అమ్మాయి ఎక్కడ మ్యాచ్‌లు ఆడుతుందో ముందు వెతకండి. చిన్న క్లబ్ కానివ్వండి, స్కూల్ రెండో జట్టు కానివ్వండి, సెలవురోజుల్లో పెద్ద పిల్లలు ఆడుకునే చోటు కానివ్వండి. మ్యాచ్ లేకుండా ఒట్టి ప్రాక్టీస్‌తో ఏడాది నెట్టుకురమ్మంటే ఏ పిల్లకైనా విసుగే.

ఓ వారం పది రోజులు గడిచాక అమ్మాయిని అడగండి, "కోచ్‌ని ఒకే ఒక్క మాట అడుగుతావా?" అని. "నన్నెందుకు తీసుకోలేదు?" అని అడిగితే ఎవరైనా సర్దిచెప్పి పంపేస్తారు. "వచ్చే సెలక్షన్స్‌లోగా నేను ఏ ఒక్కటి మెరుగుపరుచుకోవాలి సర్?" అని అడగమనండి. ఈ ప్రశ్నకి పద్ధతైన కోచ్ ఎవరైనా సూటిగా జవాబు చెప్తారు. మీరు దూరంగా నిలబడండి, మధ్యలో అందుకోకండి.

ఉదాహరణకి సర్వీస్ రిసీవ్, అంటే అవతలివాళ్ల సర్వీసుని అందుకుని పాస్ ఇవ్వడం, బలహీనంగా ఉందన్నారనుకుందాం. ఈ వయసులో ఎక్కువమందికి అదే వస్తుంది. నేను చూసినంతవరకు తొంభైపాళ్లు తప్పు చేతుల్లో ఉండదు, కాళ్లలో ఉంటుంది. బంతి మణికట్టుకి కాస్త పైన, ముంజేతుల చదును భాగం మీద తగిలే క్షణానికి కాళ్లు ఆగి ఉండాలి. అప్పటికింకా నడుస్తూనే ఉంటే బంతి పక్కకి పోతుంది. గోడమీద తన తలకంటే కాస్త ఎత్తులో సుద్దముక్కతో ఒక చతురస్రం గీయమనండి. బంతిని ముంజేతులతో ఆ గీతల్లోకి కొడుతూ, ప్రతిసారీ కాళ్లు ముందే నిలిపి, తప్పు పోకుండా వరసగా ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టుకోమనండి. పావుగంట చాలు. ఆ రోజు అంకె పుస్తకంలో రాసుకుంటే సరి. మొదటి వారం ఏడెనిమిది దగ్గరే ఆగిపోతుంది. తర్వాత ఒక రోజు ఇరవై దాటుతుంది, మర్నాడు మళ్లీ తొమ్మిదికి పడుతుంది. ఆ పడిన రోజున కూడా అంకె రాసి మర్నాడు గోడ దగ్గరికి వెళ్లిందీ అంటే, అప్పుడు మీరు నిశ్చింతగా ఉండొచ్చు. ఆ పుస్తకాన్ని మాత్రం మీరు తెరవకండి. ఆ లెక్క తనది.

ఎత్తు గురించే బెంగ అయితే లిబెరో స్థానం సంగతి చెప్పండి. అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య 1998లో తెచ్చిన స్థానం అది. వేరే రంగు జెర్సీ వేసుకుని, వెనక వరసలోనే ఆడుతూ, రిసీవ్, డిఫెన్స్ చూసుకునే మనిషి. నెట్ దగ్గర స్మాష్ కొట్టడం, బ్లాక్ చేయడం తన పని కాదు కాబట్టి ఎత్తు పెద్ద అడ్డంకి కాదు. ఓదార్పు బహుమతిలా మాత్రం చెప్పొద్దు. పెద్ద జట్ల మ్యాచ్ ఒకటి కలిసి చూస్తూ, కాసేపు లిబెరో మీదే కన్నేసి ఉంచమనండి. ఇష్టపడితే తనే అడుగుతుంది.

ఇక మీ ఇంట్లో మాట. "పుట్టుకతోనే వచ్చింది" అని మీరు ప్రేమతోనే అన్నారు. అది పిల్లల చెవిలో ఎలా పడుతుందో క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ అనే సైకాలజిస్టులు 1998లో అచ్చయిన పరిశోధనలో చూపించారు. ఐదో తరగతి పిల్లలకి బొమ్మల చిక్కుముళ్లు ఇచ్చి, కొందరిని "తెలివైనవాడివి" అని, కొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. తర్వాత చాలా కష్టమైనవి ఇస్తే, తెలివిని పొగిడించుకున్న పిల్లలు తొందరగా డీలాపడ్డారు, ఆ తర్వాత మళ్లీ తేలికవి ఇచ్చినా మునుపటికంటే తక్కువే చేశారు. పుట్టుకతో వచ్చిందే ఆట అయితే, ఓడిపోయిన రోజున పుట్టుకలోనే లోపం ఉందని కదా అర్థం! మీ అమ్మాయి "అబద్ధం చెప్పారు" అని అరవడం వెనక ఉన్నది అదే. ఇకనుంచి మీరు కళ్లారా చూసినదే చెప్పండి. "రెండో సెట్‌లో అలసిపోయి కూడా ప్రతి బంతికీ కదిలావు" అంటే నమ్ముతుంది, ఎందుకంటే అది జరిగింది.

ప్రశ్న: మేడమ్, నాకు 15 ఏళ్లు. స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడతాను. ఫైనల్ షూటౌట్‌లో చివరి పెనాల్టీ నాదే. బార్ మీదుగా పైకి కొట్టేశాను. ఓడిపోయాం. ఎవరూ నన్నేమీ అనలేదు, కానీ ఎవరూ మాట్లాడనూ లేదు. కళ్లు మూసుకుంటే అదే కనిపిస్తోంది. ప్రాక్టీస్‌కి వెళ్తే అందరూ నన్నే చూస్తారని టెన్షన్. ఫుట్‌బాల్ మానేసి రన్నింగ్‌లో చేరదామనుకుంటున్నా.
— పేరు రాయొద్దు

జవాబు: నాన్నా, రన్నింగ్ మీద ఇష్టంతో వెళ్తానంటే నేనే పంపిస్తాను. ఎవరూ చూడకూడదని వెళ్తున్నావు కాబట్టి ఈ నెల మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

1994 ప్రపంచకప్ ఫైనల్ గురించి విను. ఇటలీ, బ్రెజిల్. 120 నిమిషాలు ఆడినా 0-0. షూటౌట్‌లో ఇటలీ చివరి పెనాల్టీ రాబర్టో బాజియోది. నీలాగే బార్ మీదుగా పోయింది, బ్రెజిల్ గెలిచింది. నడుంమీద చేతులు పెట్టుకుని తలవంచి నిలబడ్డ అతని ఫొటో ప్రపంచమంతా చూసింది. అదే షూటౌట్‌లో అతని కంటే ముందు ఇటలీ ఆటగాళ్లు ఇంకో ఇద్దరు, బరేసి, మస్సారో, గోల్ చేయలేకపోయారు. బాజియో కొట్టి ఉన్నా బ్రెజిల్‌కి ఇంకో కిక్ మిగిలే ఉంది. పైగా నాకౌట్ దశలో అతను కొట్టిన ఐదు గోల్స్ లేకపోతే ఇటలీ ఫైనల్‌కే వచ్చేది కాదు. అయినా జనానికి గుర్తున్నది చివరి కిక్కే. చివరన జరిగింది కళ్లకి కడుతుంది, అంతకుముందు జరిగినవన్నీ దాని వెనక్కి పోతాయి. మీ ఫైనల్ కూడా ఒకసారి మొదట్నుంచి గుర్తుచేసుకో. మ్యాచ్‌లో పోయిన అవకాశాలు ఎన్ని, ఎవరెవరివి? ఎవరినీ తప్పుపట్టడానికి కాదురా, లెక్క సరిగ్గా చూసుకోవడానికి.

నాలుగేళ్ల తర్వాత, 1998 ప్రపంచకప్‌లో చిలీతో మ్యాచ్. ఇటలీ 1-2తో వెనకబడి ఉంది, ఆట ముగింపుకొచ్చింది, పెనాల్టీ దొరికింది. మళ్లీ బాజియోనే ముందుకొచ్చాడు. గోల్ కొట్టాడు, 2-2. ఆ తర్వాత ఫ్రాన్స్‌తో క్వార్టర్ ఫైనల్ షూటౌట్‌లోనూ కొట్టాడు. ఆ మ్యాచ్ ఇటలీ ఓడిపోయింది, అది వేరే సంగతి. అతను బంతి దగ్గరికి మళ్లీ నడిచి వెళ్లాడు చూడు, నాకు కావాల్సింది ఆ నడక.

నువ్వూ అలా నడవడానికి కొంచెం పని ఉంది. మొదటిరోజు ప్రాక్టీస్‌కి అందరికంటే ముందు వెళ్లు. అందరూ ఉన్నచోటికి ఒక్కడివే నడిచి వెళ్లడం కష్టం. ముందే ఉంటే ఒక్కొక్కరే నీ దగ్గరికి వస్తారు. మీ గోల్‌కీపర్‌ని నువ్వే పలకరించు. ఒక్కటైనా ఆపి ఉంటే బాగుండేదని అతనూ నిద్రపోకుండా ఉండి ఉంటాడు. మిగతావాళ్లు కోపంతో మాట్లాడలేదని నువ్వనుకుంటున్నావు. 15 ఏళ్ల మగపిల్లలకి ఏమనాలో తోచక ఊరుకోవడం నేను చాలాసార్లు చూశాను.

తర్వాత బంతి పైకెందుకు లేచిందో చూసుకో. కొట్టేటప్పుడు ఒళ్లు వెనక్కి వాలినా, నిలబెట్టిన కాలు బంతికి వెనకే ఆగిపోయినా బంతి లేస్తుంది. ఆ కాలు బంతి పక్కకి రావాలి, ఛాతీ బంతి మీదికి ఉండాలి. ఏ మూలకి కొట్టాలో బంతి పెట్టకముందే నిర్ణయించుకో, మధ్యలో మార్చకు. ఇంకోటి, విజిల్ వినగానే పరుగెత్తకు. నార్వేకి చెందిన గేర్ యోర్డెట్ అనే పరిశోధకుడు పెద్ద టోర్నీల షూటౌట్లు గమనిస్తే, విజిల్ తర్వాత ఆగకుండా తొందరగా కొట్టేసినవాళ్లే ఎక్కువగా పోగొట్టారని తేలింది. ఆ భయం ఎంత త్వరగా అయిపోతే అంత మేలనిపిస్తుంది కదా, అందుకే తొందర. ఒక్క ఊపిరి తీసుకుని వదిలి, అప్పుడు కదులు. ప్రాక్టీస్ చివర్లో, కాళ్లు లాగుతున్నప్పుడు, అందరూ చూస్తుండగా ఐదు పెనాల్టీలు కొట్టనివ్వమని కోచ్‌ని అడుగు. పోతే పోనీ, మర్నాడు మళ్లీ ఐదు.

నిద్ర పట్టకపోవడం రెండు మూడు వారాలు దాటినా, తిండి, చదువు, స్నేహితులు దేనిమీదా ధ్యాస లేకపోయినా అమ్మకో నాన్నకో చెప్పు, డాక్టర్‌ని కలవండి. అది చెప్పడానికి సిగ్గుపడకు.

ప్రశ్న: నేను బ్యాడ్మింటన్ ఆడతాను, 16 ఏళ్లు. వరసగా ఫైనల్స్‌కి వస్తాను, వరసగా ఓడిపోతాను. "రెండోస్థానం రాణి" అని పేరు పెట్టారు. గెలవడం నాకు రాసిపెట్టి లేదేమో అనిపిస్తోంది.

జవాబు: అమ్మాయ్, పి.వి. సింధు 2016లో రియో ఒలింపిక్స్ ఫైనల్ ఓడిపోయింది. 2017 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్‌లో నొజొమి ఒకుహరా చేతిలో 110 నిమిషాలు పోరాడి, మూడో గేమ్ 20-22తో పోగొట్టుకుంది. 2018లో అదే టోర్నీ ఫైనల్‌లో కరోలినా మారిన్ చేతిలో మళ్లీ ఓటమి. ఫైనల్స్‌లో నిలవలేదనే మాట ఆమెనీ అన్నారు. 2019లో బాసెల్‌లో అదే ఒకుహరాని 21-7, 21-7తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది. ఆ స్కోరు మళ్లీ చదువు. రాత మారితే అలాంటి స్కోరు రాదు, ఆట మారితే వస్తుంది. 

నువ్వు ఓడిన ఫైనల్స్‌లో చివరి గేమ్ 15 పాయింట్ల తర్వాత ఏం జరిగిందో రాసి చూడు. వాళ్లు కొట్టి గెలిచినవి ఎన్ని, నువ్వు నెట్‌కో బయటికో కొట్టి ఇచ్చేసినవి ఎన్ని. నువ్విచ్చినవే ఎక్కువైతే, ప్రాక్టీస్ గేములు కొన్నాళ్లపాటు 17-17 నుంచి మొదలుపెట్టి ఆడు. వాళ్లు కొట్టినవే ఎక్కువైతే నీ మనసులో లోపమేమీ లేదు, కాళ్లలో వేగం పెంచాలి. రెండింటికీ మందు వేరు. ఏది కావాలో తెలుసుకోకుండా "ఫైనల్ అంటే భయం" అని నీకు నువ్వే పేరు పెట్టుకోకు. ఫైనల్ దాకా వచ్చిన ప్రతిసారీ సెమీస్‌లో ఎవరినో ఓడించే వచ్చావు కదా.

ప్రశ్న: మా వాడికి 11 ఏళ్లు. పరుగుపందెంలో దిట్ట. ఏడాది పొడుగునా రోజూ ప్రాక్టీస్ చేయిస్తున్నాను. ఈమధ్య ఓ పోటీలో ఐదో స్థానం వచ్చింది. అప్పటినుంచి మడమ నొప్పి అంటూ తప్పించుకుంటున్నాడు. ఒక్క ఓటమికే ఇలా అయితే పట్టుదల ఎలా వస్తుంది? బలవంతంగానైనా పంపమంటారా?
— ఒక తండ్రి

జవాబు: పంపొద్దండి. వాడి మాట నమ్మండి. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య, బాగా పరుగెత్తే, గెంతే పిల్లలకి మడమ ఎముకలో ఎదిగే భాగం ఒత్తిడికి గురై నొప్పి రావడం చాలా మామూలు విషయం. పరుగు తర్వాత ఎక్కువవుతుంది, మడమని రెండు పక్కలా నొక్కితే విలవిల్లాడతారు, కొందరు మునివేళ్ల మీద నడుస్తారు. ఐదో స్థానం వచ్చాక నొప్పి మొదలైందని మీరంటున్నారు. నొప్పితో పరుగెత్తబట్టే ఐదో స్థానం వచ్చిందేమో, అది కూడా అడిగి చూడండి.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన సూచనల ప్రకారం పిల్లలకి వారంలో ఒకటి రెండు రోజులు ఆటనుంచి పూర్తి విరామం ఉండాలి. ఆడే ఆట నుంచి ఏడాదిలో మొత్తం మూడు నెలలు, నెల చొప్పున విడగొట్టి, సెలవు ఉండాలి. ఒకే ఆటకి కట్టుబడటం 15, 16 ఏళ్ల దాకా ఆగితే మంచిదనీ చెప్పింది. ఈ లెక్కన మీ వాడికి ఎంతో విశ్రాంతి బాకీ ఉంది.

ఎముకల డాక్టర్‌కి చూపించండి. తగ్గేదాకా పరుగు ఆపి, నొప్పి లేకపోతే ఈత కొట్టనివ్వండి, సైకిల్ తొక్కనివ్వండి. మళ్లీ ట్రాక్ మీదికి ఎప్పుడు వెళ్లాలన్నది డాక్టర్ సరేనన్నాక వాడినే చెప్పనివ్వండి. అప్పుడు కూడా వద్దంటే, అప్పుడు మనం ఓటమి గురించి మాట్లాడుకుందాం, నాకు రాయండి.